దోమ కడుపులో రాస్ చూసింది నేనూ వెతికాను

దోమ కడుపు చిరగకుండా బయటికి తీయడం నేర్చుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి రోజు పన్నెండు దోమలు కోస్తే పన్నెండూ స్లైడు మీద నుజ్జయిపోయాయి. ఏది పేగో, ఏది అండాశయమో, ఏది నా సూది చేసిన గాయమో కూడా తెలియలేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

అది 2015. ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం జూన్ నుంచి సెప్టెంబరు దాకా పాడేరు ఏజెన్సీలో ఉన్నాను. అప్పట్లో అది విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. ఊళ్ళలోకి వెళ్ళి దోమలు పట్టాలి. వాటిలో మలేరియా మోసే జాతులు ఏవో విడదీయాలి. ఒక్కో ఆడదోమను కోసి లోపల మలేరియా పరాన్నజీవి ఉందో లేదో చూడాలి. వినడానికి ఇంతే పని.

బయల్దేరేముందు మా గైడ్ మేడమ్ నాకు కొన్ని జిరాక్సు కాగితాలు ఇచ్చారు. రోనాల్డ్ రాస్ రాసిన పరిశోధన పత్రం. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. "బస్సులో చదివెయ్యకమ్మా. నాలుగు దోమలు చేతులారా కోశాక చదువు" అన్నారు. ఎందుకలా అన్నారో అప్పుడు అర్థం కాలేదు. ఎంత చిన్న పత్రం! రాస్ అంటే నోబెల్ బహుమతి, సికింద్రాబాద్, దోమ వల్ల మలేరియా. ఈ మూడూ ఆరో తరగతి నుంచీ బట్టీ పట్టినవే కదా, కొత్తగా ఏముంటుంది అనుకున్నాను. మాడుగుల దాటి ఘాటీ ఎక్కేసరికి కాగితాలు బ్యాగులోనే ఉండిపోయాయి.

అక్కడ నాకు పని నేర్పింది ఒక పెద్దాయన. మలేరియా విభాగంలో ఇన్సెక్ట్ కలెక్టర్‌గా ఇరవై ఏళ్ళకు పైగా చేశారు. అందరూ మాస్టారూ అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "తల్లీ" అనేవారు.

తెల్లవారి ఆరింటికల్లా ఊళ్ళో ఉండాలి. రాత్రి కుట్టిన దోమ కడుపు నింపుకుని గోడ మీద కూర్చుని ఉండే సమయం అది. ఎనిమిది దాటితే వెలుగు పెరిగి దోమలు మూలల్లోకి జారుకుంటాయి. మా చేతిలో ఒక గాజు గొట్టం, దానికి తగిలించిన రబ్బరు ట్యూబు, రెండూ కలిసే చోట వలగుడ్డ ముక్క. రబ్బరు చివర నోట్లో పెట్టుకుని, గాజు చివర దోమ మీదికి మెల్లగా తెచ్చి ఊపిరి లోపలికి పీలిస్తే దోమ గొట్టంలోకి వస్తుంది. వలగుడ్డ ఉంది కాబట్టి నోట్లోకి రాదు. ఎక్కువ గట్టిగా పీలిస్తే కాళ్ళూ రెక్కలూ విరిగిపోతాయి, అప్పుడు జాతి గుర్తుపట్టడం కష్టం. ఇళ్ళలో మంచం కింద, దండెం మీది బట్టల వెనక, అటక చీకట్లో వెతకాలి. అన్నిటికంటే ఎక్కువ దొరికేది పశువుల శాలలో.

ఇంట్లోకి వెళ్ళేముందు మాస్టారు గుమ్మం బయట నిలబడి, "అమ్మా, దోమలు పట్టుకోడానికి వచ్చాం, లోపలికి రావచ్చా?" అని అడిగేవారు. పిల్లలు పడుకుని ఉంటే టార్చి వాళ్ళ మొహాల మీద పడకుండా చేత్తో అడ్డం పెట్టేవారు. ఏ పుస్తకంలోనూ లేని ఈ పద్ధతి నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పుస్తకంలో ఉన్నది కూడా అక్కడ మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. మలేరియా మోసే అనాఫిలిస్ దోమ గోడ మీద తోక పైకి లేపి ఏటవాలుగా కూర్చుంటుందని, మామూలు క్యూలెక్స్ దోమ గోడకు సమాంతరంగా కూర్చుంటుందని చదువుకున్నాం. ఆ లెక్కన నేను మొదటి మూడు రోజులూ ఏటవాలుగా కూర్చున్నవాటినే పట్టాను. మాస్టారు నా గొట్టం చూసి, "క్యూలిసిఫేసీస్‌ని వదిలేస్తున్నావు తల్లీ" అన్నారు. మన మైదానాల్లోనూ కొండ కింది ఊళ్ళలోనూ మలేరియా మోసే ముఖ్యమైన అనాఫిలిస్ జాతి అది. అది కూర్చునే తీరు మాత్రం దాదాపు క్యూలెక్స్ లాగే ఉంటుంది. ఏజెన్సీలో మరో ముఖ్యమైన జాతి ఫ్లూవియాటిలిస్. కొండ గెడ్డల, అంటే వాగుల అంచుల్లో, మెల్లగా పారే తేట నీళ్ళలో పెరుగుతుంది. ఊరి పక్కనే గెడ్డ ఉంటే మాస్టారు ముందు దాని అంచున గడ్డి పక్కకు తప్పించి పిల్లపురుగుల కోసం చూసేవారు. అనాఫిలిస్ పిల్లపురుగు నీటి పైపొరకు సమాంతరంగా, గడ్డిపరకలా తేలుతూ ఉంటుంది.

ఇక కోయడం. ఈథర్ దూదితో దోమను మత్తులోకి పంపి, కాళ్ళూ రెక్కలూ తీసేసి, స్లైడు మీద సెలైన్ చుక్కలో పెట్టాలి. రెండు చేతుల్లో రెండు సన్న సూదులు. ముందు లాలాజల గ్రంథులు తీస్తాం. ఎడమ సూదితో ఛాతీ భాగాన్ని మెల్లగా అదిమి, కుడి సూదితో తలను ముందుకు లాగితే, తలకు అంటుకుని రెండు గ్రంథులు వస్తాయి. ఒక్కోదానికీ మూడు లోబులు, మూడు చిన్న వేళ్ళలా. మెరుస్తూ ఉంటాయి. పరాన్నజీవి చివరి దశ, అంటే మనిషిలోకి ఎక్కే స్పోరోజోయిట్లు ఉండేది ఇక్కడే. తర్వాత కడుపు. చివరి ఖండాల దగ్గర చర్మానికి రెండు పక్కలా చిన్న గాటు పెట్టి, తోక కొసను సూదితో పట్టి లాగాలి. ఊపిరి బిగబట్టి, ఆగి ఆగి లాగాలి. సరిగ్గా వస్తే మధ్యపేగు పారదర్శకమైన సంచీలా జారుకుంటూ వస్తుంది. దాని వెనక కొసన, పేగు మొదలయ్యే చోట, ఐదు సన్నని మాల్పీజియన్ నాళాలు (దోమ విసర్జన గొట్టాలు) వేలాడుతూ ఉంటాయి. బియ్యపుగింజలో సగం కూడా ఉండదు ఆ సంచీ. మెర్క్యురోక్రోమ్ రంగు చుక్క వేసి, కవర్ స్లిప్ పెట్టి, సంచీ గోడను ఒక కొస నుంచి మరో కొసకు చూసుకుంటూ పోవాలి. గోడకు బయటివైపు గుండ్రటి బుడిపెలు ఉంటే అవి ఊసిస్టులు. మలేరియా పరాన్నజీవి దోమలో ఎదిగే దశ.

పన్నెండో రోజు నాకు మొదటి కడుపు చెక్కుచెదరకుండా వచ్చింది. మాస్టారు వచ్చి సూక్ష్మదర్శిని కంటిద్దంలోంచి చూసి, "ఆఁ, ఇది కడుపు" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ రాత్రే రాస్ పత్రం తీశాను. బయట వాన. కరెంటు లేదు, టార్చి వెలుగులోనే చదివాను. మొదటి పేరాలోనే ఆయన చెప్పే మాట సారాంశం ఇది: రెండేళ్ళుగా మలేరియా పరాన్నజీవిని దోమలో పెంచడానికి ప్రయత్నిస్తున్నాను, పిల్లపురుగుల నుంచి సీసాల్లో పెంచిన దోమలకు మలేరియా రోగుల రక్తం తాగించి వాటి శరీర భాగాలు పరీక్షిస్తున్నాను. పని ఎందుకు కష్టమో కూడా చెబుతాడు. దోమలో ఆ పరాన్నజీవి ఎలా ఉంటుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఏ జాతి దోమలో పెరుగుతుందో తెలియదు. దోమ లోపలి నిర్మాణం క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

పదకొండు రోజులు దోమలు పాడుచేసిన నాకు ఆ మూడో మాట దగ్గర ముందుకు కదలాలనిపించలేదు. నాకు ఐదు నాళాలు ఎక్కడ ఉంటాయో చూపడానికి మాస్టారు ఉన్నారు. ఊసిస్టు ఎలా ఉంటుందో చూపడానికి బొమ్మలున్నాయి. ఎక్కడ వెతకాలో, ఎలాంటిదాన్ని వెతకాలో తెలిసీ నేను ఇంత తడబడ్డాను. ఆయనకు ఆ రెండూ తెలియవు. అయినా రెండేళ్ళు.

ఆ తర్వాత వచ్చే వాక్యాలు నాకు ఇంకా ఇష్టం. ఇన్నాళ్ళూ మచ్చల చారల దోమలనూ బూడిదరంగు దోమలనూ కోశానని చెబుతాడు. వాటిలో ఆరు రకాల కొత్త పరాన్నజీవులు కనిపించాయట. ఒక నులిపురుగు, ఒక శిలీంధ్రం, ఇంకా కొన్ని. రెండింటి పేర్ల పక్కన అనుమానంగా ప్రశ్నార్థకం కూడా పెట్టాడు. కానీ వాటిలో ఏదీ మలేరియా రక్తం తాగినందువల్ల వచ్చిందని చూపలేకపోయానని నేరుగా ఒప్పుకుంటాడు. తర్వాత ఒక కొత్త గోధుమరంగు దోమ దొరికింది. చాలా కొద్దిగా. వాటిలో రెండింటి కడుపు గోడలో, మలేరియా పరాన్నజీవిలో కనిపించే లాంటి నల్లటి రంగు రేణువులున్న కణాలు కనిపించాయి. ఈ దోమ ఇక్కడ మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, అందుకే ఉన్నంతవరకు నమోదు చేస్తున్నాను అంటాడు. పత్రం పేరులోనే "రెండు దోమల్లో" అని ఉంది. వాటిని ఆయన అనుమానించదగ్గ కణాలు అన్నాడు తప్ప మలేరియా రహస్యం తెలిసిపోయిందని ఎక్కడా అనలేదు.

దోమ కుట్టడం వల్ల మలేరియా వస్తుందని కూడా ఆ పత్రంలో లేదు. రాస్‌కు దారి చూపిన పాట్రిక్ మాన్సన్, దోమ నీళ్ళలో పడి చచ్చాక ఆ నీళ్ళు తాగిన మనిషికి జబ్బు వస్తుందేమో అని ఊహించిన రోజులవి. నేను ఆరో తరగతిలో చదివిన ఒక్క వాక్యం ఈ పత్రం తర్వాత జరిగిన పనితో గానీ పూర్తికాలేదు. రాస్‌ను సికింద్రాబాద్ నుంచి రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. తర్వాత కలకత్తాలో 1898లో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం, కాటుతో మరో పక్షికి ఎక్కడం చూపాడు. మనిషి మలేరియా అనాఫిలిస్‌లో పూర్తిగా ఎదగడాన్ని ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులు నిరూపించారు. ఆ ఘనత ఎవరిదన్న దానిమీద పెద్ద తగాదానే నడిచింది. నోబెల్ 1902లో రాస్‌కు వచ్చింది. ఆ గొడవ నాకంత ముఖ్యం అనిపించదు. నాకు కావలసింది ఆ రెండు దోమల పత్రం.

గోధుమరంగు దోమ గురించి ఆయన రాసింది చదువుతుంటే మరో సంగతి తెలిసింది. దాని జాతి పేరు ఆయనకు తెలియదు. కాబట్టి కంటికి కనిపించినది రాశాడు. రెక్క మీది మచ్చలు, ఒంటి రంగు, గుడ్డు ఆకారం. గుడ్డు ముందూ వెనకా పైకి లేచిన పాతకాలపు పడవలా ఉందన్నాడు. అనాఫిలిస్ గుడ్డును ఒక్కసారి చూసినవాళ్ళెవరికైనా ఆ పోలిక ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది. పక్కల తేలే గాలి అరలతో నిజంగానే చిన్న పడవ. పేరు తెలియకపోయినా చదివినవాడు దోమను గుర్తుపట్టగలిగేలా రాయడం అంటే ఇదీ అనుకున్నాను. మర్నాటి నుంచి నా లాగ్‌బుక్‌లో దోమ పేరు రాసి ఊరుకోలేదు. పక్కన రెక్క మచ్చలు, కడుపు స్థితి, ఎక్కడ ఏ గోడ మీద దొరికిందీ రాయడం మొదలుపెట్టాను.

జులై వచ్చేసరికి రోజుకు పాతిక దాకా కోసేదాన్ని. ప్రతి దోమకూ ఒక వరుస. చివరి రెండు గడులు: గ్రంథి, కడుపు. రెండింటిలోనూ అడ్డగీత. కింద మళ్ళీ అడ్డగీత. పేజీలు తిప్పితే గీతలే. వంద దాటాయి, రెండు వందలు దాటాయి.

ఒక సాయంత్రం కనిపించింది. కడుపు గోడ దగ్గర గుండ్రంగా, మధ్యలో నల్లటి చుక్కలతో. గుండె గుభేల్‌మంది. పక్క గదిలో అన్నం తింటున్న మాస్టారిని పిలిచాను. ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చారు. కంటిద్దం దగ్గర కళ్ళు పెట్టి, సన్న మర అటూ ఇటూ తిప్పి, సూది కొసతో కవర్ స్లిప్‌ను కాస్త తాకారు. ఆ గుండ్రటిది కదిలింది. "గోడలో లేదు తల్లీ, గోడ మీద తేలుతోంది. కొవ్వు బొట్టు. నల్లగా ఉన్నది అరగని రక్తం" అన్నారు. మళ్ళీ రాస్ పత్రం తీసి చూశాను. ఆయన కణం ఎక్కడుందో పదే పదే చెప్పడం ఎందుకో అప్పుడు తెలిసింది. కడుపు గోడలోనే, కచ్చితమైన అంచుతో, లోపల రేణువులతో. అంచు లేకపోతే కాదు, గోడలో లేకపోతే కాదు. నాలాగే ఆయన కూడా ఎన్ని కొవ్వు బొట్లు చూసి ఎగిరిపడి ఉంటాడో.

ఎందుకు దొరకడం లేదో మాస్టారే ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పారు. దోమ రోగి రక్తం తాగిన రోజు నుంచి పరాన్నజీవి గ్రంథులదాకా చేరడానికి మన వాతావరణంలో పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. దోమ అన్నాళ్ళు బతకాలి కదా. రోజుకు నూటికి ఇరవై చస్తాయనుకుందాం. పది రోజులు గడిచేసరికి వందలో పదకొండే మిగులుతాయి. ఆ పదకొండులో కూడా మొదటే మలేరియా రక్తం తాగినవి ఎన్ని? "మలేరియా మోసేది ముసలి దోమ తల్లీ. పడుచుదాన్ని ఎన్ని కోసినా ఉత్తదే" అన్నారు. ఇంటి గోడలకు మందు కొట్టడం వెనక ఉన్న లెక్క కూడా అదే. ఊళ్ళో ప్రతి దోమనూ చంపనక్కర్లేదు, ముసలిదవ్వకుండా చూస్తే చాలు. జబ్బు ఆగడానికి దోమలన్నీ పోనక్కర్లేదని, ఒక స్థాయి కిందికి తగ్గితే చాలని లెక్కలు కట్టి చూపింది కూడా రోనాల్డ్ రాసే. 1910లో వచ్చిన ఆయన మలేరియా నివారణ గ్రంథంలో ఆ లెక్కలున్నాయి. దోమ ఆయుష్షు ఎంత కీలకమో తర్వాత 1950ల్లో జార్జ్ మెక్డొనాల్డ్ ఇంకా స్పష్టం చేశాడు. ఈ పేర్లేవీ మాస్టారు చెప్పలేదు. ఆయన చెప్పింది వేళ్ళ మీద లెక్క. పుస్తకాల్లో ఉన్నది అదేనని నాకు తర్వాత తెలిసింది.

దోమ వయసు తెలుసుకోవడం కూడా నేర్పారు. అండాశయాన్ని నీటి చుక్కలో ఆరబెట్టి చూస్తే, గాలి నాళాల కొసలు దారపు ఉండల్లా చుట్టుకుని ఉంటే అది ఇంకా గుడ్లు పెట్టని దోమ. ఆ చుట్టలు విడిపోయి ఉంటే ఒక్కసారైనా పెట్టింది, అంటే కాస్త వయసు మళ్ళినది. అంతకంటే కచ్చితంగా ఇన్ని రోజులని గోడ మీద పట్టిన దోమ గురించి చెప్పలేం. నేను ఏ దోమ గురించి ఏం చెప్పబోయినా మాస్టారు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్నో రోజుది?"

రాస్ సీసాల్లో పిల్లపురుగుల నుంచి ఎందుకు పెంచాడో అప్పుడు బోధపడింది. అడవిలో పట్టిన దోమ అంతకుముందు ఎవరి రక్తం తాగిందో, ఏ పిట్టను కుట్టిందో తెలియదు. సీసాలో పుట్టినది మొదటిసారి తాగింది ఆ రోగి రక్తమే. 1897 ఆగస్టు 16న తాగించాడు, 20న ఒకదాన్ని కోశాడు. నాలుగో రోజు. మర్నాడు మరొకటి కోశాడు. ఐదో రోజు. రెండోదాంట్లో కణాలు మొదటిదానికంటే పెద్దవి. అవి దోమ ఒంట్లో ఎప్పుడూ ఉండేవే అయితే ఒక్క రోజులో ఎందుకు పెరుగుతాయి? ఉన్నవి రెండే దోమలైనా, వాటి మధ్య ఆ ఒక్క రోజు తేడా తెలుసు కాబట్టి ఆ పత్రం నిలబడింది.

ఆగస్టులో ఒక ఊరి నుంచి ఆశా వర్కర్ అక్క ఫోన్ చేసింది. ఎనిమిదేళ్ళ పాపకు వారంగా చలిజ్వరం వచ్చిపోతోంది. రక్తపు చుక్కతో చేసే టెస్టులో ఫాల్సిపేరం రకం మలేరియా అని వచ్చింది, మందులు మొదలుపెట్టారు. ల్యాబులో ఆ స్లైడు నాకు చూపించారు. ఎర్ర కణాల మధ్య నెలవంకలా ఒకటి, కాస్త పక్కన మరొకటి. మధ్యలో నల్లటి రేణువులు. రాస్ తన రోగుల రక్తంలో వెతికిన నెలవంకలు ఇవే. దోమలోకి వెళ్ళి ఎదిగేవి ఇవే. అందమైన ఆకారం. కానీ కిటికీలోంచి చూస్తే ఆ పాప వాళ్ళమ్మ ఒళ్ళో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. కాసేపటికి స్లైడు తీసేశాను.

రాస్ దోమలకు రక్తమిచ్చిన మనిషి పేరు హుసేన్ ఖాన్. రాస్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఆ పేరు ఉంది. కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చారు. జ్వరంతో ఉన్న మనిషి దోమతెరలో పడుకుని కుట్టించుకున్నాడు. ఇవాళ అయితే ఆ పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, రాతపూర్వక అంగీకారం కావాలి. చాలాచోట్ల మనిషిని కుట్టించే అవసరమే లేకుండా, సేకరించిన రక్తాన్ని పలుచటి పొర వెనక వెచ్చగా ఉంచి దోమలకు తాగిస్తున్నారు. ఇది మంచి మార్పు. అయినా ప్రపంచమంతా ఆగస్టు 20ని దోమల దినంగా గుర్తుచేసుకునేటప్పుడు రాస్ పేరు పక్కన హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పాలని నాకుంటుంది. ఎక్కడ ఉపన్యాసం ఇచ్చినా నేను చెబుతాను.

సెప్టెంబరు చివర్లో పని ముగిసింది. మూడు వందలకు పైగా దోమలు. ఒక్కదాంట్లోనూ గ్రంథిలో గానీ కడుపులో గానీ పరాన్నజీవి లేదు.

హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు బేగంపేటకు వెళ్ళాను. రాస్ పనిచేసిన పాత భవనం విమానాశ్రయం దగ్గర ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవి శాస్త్ర సంస్థ అని పేరు. ఒక మెట్టు మీద కూర్చున్నాను. ఉక్కపోతగా ఉంది. రాస్ రాసుకున్నవి గుర్తొచ్చాయి. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయట. దోమలు కొట్టుకుపోతాయని పంకా వేయించుకోలేదట. ఇక్కడే ఎక్కడో ఆ రెండు దోమలు. వాటికి ముందు కోసినవాటికి ఏ గుర్తూ లేదు. వాటి మొత్తం ఆ పత్రంలో ఒక్క వాక్యంలో ఉంది: ఏదీ చూపలేకపోయాను అన్న వాక్యం.

ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు చిక్కు వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళు ఒకరు నా డ్రాఫ్టు చూసి, దోమల జాతుల జాబితా బాగుంది, కోసిన ఫలితాల పట్టిక తీసెయ్యి, అన్నీ సున్నాలే కదా, ఫలితం లేనట్టు కనిపిస్తుంది అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు, మార్కుల గురించి ఆలోచించారు. నాకు మాత్రం చాలా బాధ కలిగింది. ఆ సున్నాలు నా పదకొండు రోజుల నుజ్జు దోమల తర్వాత వచ్చినవి. ఆ ఊళ్ళో, ఆ నెలల్లో, ఇన్ని దోమలు చూస్తే దొరకలేదన్నది కూడా ఒక సమాచారమే. రేపు ఎవరైనా అదే ఊళ్ళో కోస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది. గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళి రాస్ పత్రంలో ఆ వాక్యం చూపించాను. ఆవిడ చదివి, "పట్టిక ఉంచు. ఎన్నిటికి గుడ్లు పెట్టిన గుర్తులు ఉన్నాయో ఆ గడి కూడా కలుపు" అన్నారు. కలిపాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎక్కువసేపు అడిగింది ఆ పట్టిక గురించే.

ఊసిస్టును కళ్ళారా చూసింది ఇంకో రెండేళ్ళకు. ఒక పరిశోధనా కేంద్రంలో శిక్షణకు వెళ్ళాను. అక్కడ ఎలుకల మలేరియా పరాన్నజీవి బెర్గీని ల్యాబులో పెంచిన స్టీఫెన్సై అనే అనాఫిలిస్ జాతి దోమల్లో పెంచుతున్నారు. మనుషులకు రాని రకం కాబట్టి నేర్చుకునేవాళ్ళకు భయం లేదు. ఆ దోమల గది చల్లగా, ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకంటే వేడైతే ఈ పరాన్నజీవి దోమలో సరిగ్గా ఎదగదు. ముందు పన్నెండో రోజు దోమను ఇచ్చారు. కోశాను. కడుపు ఒక్కసారికే వచ్చింది. గోడ నిండా ద్రాక్షగుత్తిలా బుడిపెలు. పక్కన ఉన్న అమ్మాయి అబ్బా అంది. నేను మాత్రం ఇంకోటి అడిగాను. ఇవి పెద్దవైపోయాయి, లోపలి రంగు రేణువులు దాదాపు కనిపించడం లేదు, ఇంకా చిన్న రోజుల దోమ ఉందా అని. అక్కడి పరిశోధకురాలు నవ్వి దోమలున్న మరో కప్పు తెచ్చారు.

రెండో దోమ కడుపు గోడలో చాలాసేపు వెతికాను. చిన్నది. వెంట్రుక మందంలో అయిదో వంతు కూడా ఉండదేమో. అంచు గీసినట్టుంది. సూదితో కవర్ స్లిప్ తాకాను. కదల్లేదు. గోడలోనే ఉంది. లోపల నల్లటి రేణువులు, కొన్ని వరుసగా, కొన్ని చెదురుగా.

సన్న మర మీద నుంచి చెయ్యి తీయకుండా చాలాసేపు అలాగే చూశాను. తర్వాత ఫోనుతో కంటిద్దంలోంచి ఫొటో తీసి మాస్టారికి పంపాను. అప్పటికి ఆయన రిటైరై అనకాపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉంటున్నారు. పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. ఆయన కళ్ళద్దాలు వెతుక్కుని ఫొటోను పెద్దది చేసి చూసుకుని ఉంటారు.

"గోడలోనే ఉంది తల్లీ" అన్నారు ముందు. గొంతు కొంచెం మారింది. ఆగి, "ఎన్నో రోజుది?" అని అడిగారు.

"ఏడో రోజు మాస్టారూ" అన్నాను.